నురగప్ప ముక్కు

నురగప్ప పోయాడని మస్తాన్ ఫోన్ చేసినప్పుడు నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "ఏం తాగి?"

"నీళ్లు తాగి," అన్నాడు మస్తాన్. "ప్లాంటులో కుర్చీలో కూచోని గ్లాసెడు నీళ్లు తాగినాడంట. గ్లాసు కింద పెట్టినాడంట. తల వాల్చేసినాడంట. గుండె."

ఇద్దరం ఫోన్లు చెవికి గట్టిగా అదుముకున్నాం. దుఃఖం ఒకటే కాదు, ముందు ఎవరు నవ్వుతారోనని భయం కూడా. బతికినన్నాళ్లూ బీరు గురించి తప్ప మాట్లాడని మనిషి చివరికి క్యాను నీళ్లు తాగి పోయాడు. వాడే గనక పక్కనుండి చూస్తే ఆ గ్లాసును కూడా ముక్కు దగ్గర పెట్టుకుని, "క్లోరిన్ ఎక్కువైందప్పా" అని ఉండేవాడు.

అసలు పేరు చెప్పను. వాళ్ల ఊళ్లో ఆ కుటుంబానికి పరువుంది, దాన్ని తీయడానికి వాడొక్కడు చాలు, నేనెందుకు. నురగప్ప అని పేరు పెట్టింది మాత్రం నేనే. కర్నూలులో పాలవాడు నురగతో కొలిస్తే చొక్కా పట్టుకుంటాం. వీడు గ్లాసు మీద రెండు వేళ్ల మందాన నురగ నిలవకపోతే మన చేతిలోంచి గ్లాసు లాక్కునేవాడు. మొదటిసారి నాకు పోసినప్పుడు అడిగాను.

"ఏమప్పా, సగం గ్లాసు గాలేనా? పాలోడు నీకు చుట్టమా?"

"ఆ గాల్లోనే ఉండాది వాసన. నురగ లేని బీరంటే మూత లేని సెంటు బుడ్డి. నీకు చెప్పినా ఒకటే, నీ మోటారుకు చెప్పినా ఒకటే."

నేను ఏడో తరగతిలో బడికి దండం పెట్టి మోటారు వైండింగ్ షాపులో కూర్చున్నవాణ్ణి. వాడు బెంగళూరులో, అక్కడికక్కడే బీరు కాచి అక్కడే పోసే ఒక పెద్ద చోట చాలా ఏళ్లు పనిచేసి, మోకాళ్లు అరిగిపోయి కర్నూలుకు వచ్చి మినరల్ వాటర్ ప్లాంటు పెట్టాడు. ఆ ప్లాంటు మోటారు కాలితే నన్ను పిలిచాడు. నేను మూత విప్పేసరికి నాకంటే ముందు వాడు వంగి, కాలిన వైండింగ్ మీద ముక్కు పెట్టి, కళ్లు మూసుకుని, "కాలిన బెల్లం. వెనకాల కాఫీ. నల్ల బీరు గూడా అచ్చం ఇట్లనే ఉంటాది" అన్నాడు. ఇన్నేళ్ల పనిలో కాలిన మోటారును చూసి నోరూరిన మనిషిని వాణ్ణొక్కణ్ణే చూశాను.

మనిషి ఎదురుగా వచ్చి నిలబడితే ముందు వాడి ముక్కు పలకరించేది, తర్వాత నోరు. "మధ్యానం కోడికూర తిన్యావు. పిలవలేదే." "ఈ చొక్కా ఉతికినావు గానీ ఎండలో ఆరెయ్యలేదు." సంతాపానికి పోయిన ఇంట్లో కూడా శవం మీది దండ వాసన చూసి, "నిన్నటి మల్లెలు అంటగట్టినాడప్పా" అని నా చెవిలో అన్నాడు. పక్కనే ఉన్న కొడుక్కు వినపడింది. మమ్మల్ని భోజనాలకు ఉండమనలేదు.

తాగినవాణ్ణి ఎట్లా పట్టాలో నాకు నేర్పింది వాడే. "నోటి కాడికి పోవద్దు, వక్కాకు నమిలి మోసం చేస్తారు. పక్కన నిలబడు. మాట్లాడనీ. మాట అయిపోయినాక ఊపిరి వదుల్తాడు చూడు, అప్పుడు వాసన చూడాల. నోరు అబద్ధం చెప్తాది గానీ ఊపిరి చెప్పదు." ఈ విద్య నాకు నా భార్య తమ్ముడి మీద ఒక్కసారి పనికొచ్చింది. రెండోసారి ఎప్పుడు పనికొచ్చిందో చివర చెబుతాను.

ఆదివారం పొద్దున మస్తాన్ బెంగళూరు నుంచి బస్సు తోలుకుని వచ్చేవాడు. డిక్కీలో ఒక థర్మాకోల్ పెట్టె, అందులో ఐసు, ఐసులో నురగప్ప పాత దోస్తులు నింపి మూత బిగించిన బీరు సీసాలు. బళ్లారి చౌరస్తాలో ఆ పెట్టె దించుకుని, స్కూటర్ మీద కాళ్ల మధ్య పెట్టుకుని, నీళ్లు కారుకుంటూ నురగప్ప పాతబస్తీలోకి వస్తుంటే వీధి వీధంతా చేపలనుకునేది. పిల్లులు కూడా అదే అనుకునేవి. స్కూటర్ వెనకాల మూడు నాలుగు పిల్లులు, ఊరేగింపు మాదిరి. వాడి భార్య గుమ్మంలో నిలబడి, "చేపలైనా బాగుండు, పులుసన్నా పెడుతుంటి" అనేది.

పదకొండు గంటలకు మిద్దె మీద రేకుల నీడన మేం ముగ్గురం. మస్తాన్ చుక్క ముట్టడు. నన్నారి సోడా ముందర పెట్టుకుని కూర్చునేవాడు. మందు అలవాటు లేదు గానీ మా మాటలకు అలవాటు పడ్డాడు. నురగప్ప షరతులు చాలా ఉండేవి. బీడీ, సిగరెట్టు వద్దు. ఊరగాయ వద్దు. మిరపకాయ బజ్జీ అసలు వద్దు, నాలుక చచ్చిపోతుందట. ఉప్పు లేకుండా ఉడకబెట్టిన శెనిక్కాయలు పెట్టేవాడు, ఆసుపత్రిలో పెట్టినట్టు. కర్నూలులో పుట్టిన మనిషికి బజ్జీ వద్దన్నవాడికి ఏ శిక్ష వేసినా తక్కువే అని నేను అప్పుడే అనుకున్నాను. ఇంత వేస్తారని అనుకోలేదు.

నేను ఎండకు ఆగలేక ఒక్క గుక్కలో సగం లాగితే వాడి పాట మొదలయ్యేది. "తొందరేమప్పా, బస్సు పోతాందా?"

"బస్సు తోలేటోణ్ణి నేనే. నేనీడే ఉండా. తాగనీలే," అనేవాడు మస్తాన్.

"బడి గూడా ఇట్లనే మింగేసినాడేమో వీడు, రుచి చూడకుండా."

"రుచి చూసే మానేసినాలేప్పా."

గోధుమ బీరు పోసి, "అరటిపండు వాసన వస్తాందా? వెనకాల లవంగం?" అని నా మొహంలోకి చూసేవాడు. నాకు రాదు. బీరు వాసన వచ్చేది. వచ్చిందని చెబుదామంటే కనిపెట్టేస్తాడు. రాలేదంటే, "నీ ముక్కు మొగానికి అందం కోసం పెట్టినారప్పా, ఆ పని గూడా సరిగా చేస్తలేదు" అనేవాడు. ఆ మిద్దె మీదికి ఎంతమంది ఎక్కారో, అంతమందీ ఒక్క ఆదివారంతో దిగిపోయారు. మేమిద్దరం మిగిలాం. మస్తాన్‌కు పరీక్ష లేదు. నాకు సిగ్గు లేదు.

బెంగళూరు బల్ల కథ మాత్రం ప్రతి వారం ఉండేది. "బల్ల ఇంత పొడుగు ఉంటాదప్పా. ఎవరో ఏమో, పక్కన కూచుంటారు. నీదేంది, నాదేంది అని అడుగుతారు. ఒక గుక్క చూడు అంటారు. తిట్టుకునేది లేదు, పడేది లేదు. రెండు గ్లాసులు పెట్టుకోని పొద్దుగూకేదాకా మాట్లాడుకుంటారు. ఒకసారి ఒక ముసలాయన, కొడుకు వచ్చినారు. కొడుకు పోసినాడు. ఆయప్ప కొడుకు గ్లాసు తీసుకోని ఒక గుక్క తాగి, 'నీదే బాగుండాది రా' అన్యాడు."

ప్రతిసారీ అక్కడే ఆగేవాడు. మస్తాన్ కావాలనే అడిగేవాడు. "మీ నాయనైతే?"

"మా నాయనైతే బల్ల ఉండదు. చెప్పు ఉంటాది."

వాళ్లది మైదుకూరు దారిలో ఒక పల్లె. పసుపు పండిస్తారు. నాయన జీవితంలో చుక్క ముట్టని మనిషి. చిన్నకొడుకు బెంగళూరులో సారాయి కాస్తున్నాడని ఎవరో చెప్పిన రోజే, ఆ పేరు ఇంట్లో వినపడగూడదన్నాడు. సారాయి వేరు, బీరు వేరు అని నచ్చచెప్పడానికి వీడు ఊరికి పోయాడు. తేడా తెలియడానికి ఒక సీసా కూడా పట్టుకుపోయాడు. తెలివి అంత. ఆ సీసా కళ్లంలో పగిలింది, వీడు అదే బస్సులో వెనక్కి వచ్చాడు.

తర్వాత కొన్నేళ్లకు నాయనకు బాగలేదని అన్న ఫోన్ చేశాడు. ఆ పూట బెంగళూరులో పొయ్యి మీద బీరు కాగుతోంది. మధ్యలో వదిలేస్తే అంతా పారబోయాలి. కాగనిచ్చి, చల్లార్చి, తొట్టిలోకి దించి బయల్దేరాడు. బీరు చక్కగా వచ్చిందట. నాయన మాత్రం ఆగలేదు. వీడు పోయేసరికి కట్టె కాలిపోయింది.

ఇంక జాతర సంగతి. ఏటా ఊరి జాతరకు నన్ను వెంటేసుకుని పోయేవాడు, తిరిగొచ్చే బస్సులో పడకుండా పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి కదా. పొట్టేలు కోసిన తర్వాత పట్టపగలే పసుపు తోట గట్టున అన్నదమ్ములు ఎదురెదురుగా కూర్చునేవారు. ఊరి మందు, క్వార్టరు సీసాలు. ఆ ఒక్క రోజు నురగప్ప వాసన చూడడు. ముక్కు మూసుకుని మింగేవాడు. అన్న భారీ మనిషి. చేతులు ఎంత కడిగినా పచ్చగానే ఉండేవి. మూడో సీసా మూత తీసేసరికి మొదలయ్యేది.

"పొయ్యి కాడ నిలబడి బీరు కలబెట్టుకుంటా ఉంటివి రా నువ్వు. ఈడ నాయన నీ పేరే తలుచుకుంటా పోయినాడు."

"తలుచుకున్యాడా అన్నా?"

"తలుచుకోకుంటే? చిన్నోడు రాలేదా, చిన్నోడు రాలేదా అని... దున్నపోతా!"

నురగప్ప ఏడ్చేవాడు. పెద్దగా, చిన్నపిల్లలు ఏడ్చినట్టు నోరు తెరిచి. అన్న లేచి ఒక తన్ను తన్నేవాడు. తర్వాత ఇద్దరూ మెడలు పట్టుకుని ఏడ్చేవాళ్లు. వదిన వచ్చి ఇద్దరి మీదా చెంబుడు నీళ్లు కుమ్మరించి పోయేది. మరుసటి పొద్దున వేపపుల్ల నములుతూ అన్న అడిగేవాడు.

"నిన్న నిన్నేమన్నా అన్యానా రా?"

"నాకే తెలివి లేకపాయ. నాకేం గుర్తుంటాది."

"మందు గదా."

"మందే."

ఇద్దరూ ఒకే గిన్నెలో సంగటి ముద్ద తుంచుకుని తినేవాళ్లు.

మా వైపు ఇదొక ఏర్పాటు. మందు మీద అన్న మాట తెల్లారితే చెల్లదు. అల్లుడు మామను తిట్టవచ్చు, తమ్ముడు అన్నను వాటాలు అడగవచ్చు, పొద్దున "మందు గదా" అంటే అందరూ మర్చిపోయినట్టే. అందుకే మావాళ్లు రుచి చూడరు, ఎంత తొందరగా ఎక్కుతుందో చూస్తారు. ఎక్కకుండా ఏ ధైర్యంతో మాట్లాడతారు?

తిరిగొచ్చే బస్సులో నురగప్ప మొహం చూడాలి. కళ్లు వాచి, పెదవి చిట్లి, లోపల పండగ. "చిన్నోడు రాలేదా అన్యాడంటప్పా నాయన," అనేవాడు కిటికీలోకి చూస్తూ. నంద్యాల వచ్చేదాకా అదే మాట. ఏడాది పొడుగునా అందరినీ తిట్టే మనిషి, ఆ ఒక్క తిట్టు తినడానికి అంత దూరం పోయేవాడు.

అంతటితో ఊరుకుంటే అయిపోయేది. ఒక ఆదివారం మిద్దె మీద అన్నాడు. "మా అన్నను పిలుస్తా. ఒక్కసారన్నా మత్తు లేకుండా కూచోని మాట్లాడుకోవాల. బెంగళూరు బల్ల మాదిరి. నాయన గురించి నిమ్మళంగా చెప్పిచ్చుకోవాల."

"వొద్దప్పా," అన్నాడు మస్తాన్. "ఆ మందు వేరే. దాంట్లో మాట కొట్టుకపోతాది. దీంట్లో పోదు."

"తాగనోడివి, నీకేం తెలుసు?"

"తాగనోణ్ణి గాబట్టే చెప్తాండా. మీరన్యవి అన్నీ గుర్తుండేది నాకొక్కనికే."

అన్న వచ్చాడు. తమ్ముడింటికని గోనెసంచిలో పసుపుకొమ్ములు మోసుకొచ్చాడు. నురగప్ప ఆ రోజు గ్లాసులు మూడుసార్లు కడిగాడు. మిద్దె మీద ఎవరి ఇంటి నుంచో తెచ్చిన పొడుగు బల్ల. గోధుమ బీరు పోసి, రెండు వేళ్ల నురగ నిలిపి, అన్న ముందు పెట్టాడు.

"ఇదేందిరా, పిల్లోళ్ల టానిక్కా?"

"తాగొద్దు అన్నా. ముందు వాసన చూడు."

అన్న చూశాడు. ఇంకోసారి చూశాడు. "అరటిపండు మాదిరి ఉండాదే."

ఇన్నేళ్లుగా నాకు అందని అరటిపండు ఆయనకు ఒక్క పీల్పుతో అందింది. నురగప్ప నా వైపు చూసిన చూపు నేను చచ్చినా మరవను. అన్న నెమ్మదిగా తాగాడు. వానల గురించి, పసుపు గురించి మాట్లాడాడు. తిట్టలేదు. రెండో గ్లాసు సగంలో ఉండగా చెయ్యి చాపి తమ్ముడి గ్లాసు తీసుకుని ఒక గుక్క తాగి, "నీదే బాగుండాది రా" అన్నాడు.

మస్తాన్ సోడా గ్లాసు కింద పెట్టేశాడు. ఆ క్షణాన పిట్టగోడ మీంచి పిల్లి దూకి ఆ బల్ల తన్నేసినా బాగుండేది.

"అన్నా, నాయన సంగతి చెప్పు. నిమ్మళంగా చెప్పు. పోయేటప్పుడు ఏమన్యాడు?"

అన్న గ్లాసులోకి చూశాడు. "ఇంత మర్యాదగా కూచోబెట్టినావు. ఇంగ అబద్ధం ఎందుకులే రా. నాయన నీ పేరు తలుచుకోలేదు."

"ఆఁ?"

"నేనే ఎత్తినా. చిన్నోనికి ఫోన్ చేసినా నాయనా, వస్తాండాడు అని చెప్పినా. మొగం గోడ తట్టు తిప్పుకున్యాడు. మల్ల తిప్పలేదు."

"మరి జాతరలో... ప్రతి ఏడూ..."

"తాగి ఉంటా గదరా. అట్లంటే నువ్వు ఏడుస్తావు, నాకూ ఏడుపొస్తాది. బాగుంటాది."

ఎంత మెత్తగా చెప్పాడంటే, ముల్లు తీసినట్టు చెప్పాడు. నురగప్ప గ్లాసు మీద నురగ ఒక్కొక్క బుడగే పగిలి అడుక్కు పోయేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత, "ఇంగో గ్లాసు పోస్తా అన్నా" అన్నాడు.

"చాలు రా. బస్సు పోతాది."

తొందరేమప్పా అనలేదు వాడు. ఆ ఒక్కసారే అనలేదు.

మరుసటి పొద్దున నేను ప్లాంటులో మోటారు బిగిస్తున్నాను. వాడు క్యాన్లు కడుగుతూ, తడిచేతులని ఫోన్ స్పీకరులో పెట్టి అన్నకు చేశాడు.

"అన్నా, నిన్న కొంచెం ఎక్కువైంది గదా."

"ఏం ఎక్కువ? రెండు గ్లాసులు. బస్సులో పేపరు గూడా చదువుకున్యా."

"అది గాదన్నా. ఏమేమో మాట్లాడుకుంటిమి. మందులో."

"ఏం మందు రా అది! బాగుండాది గానీ, కోడిపిల్లకు గూడా ఎక్కదు. నాకన్నీ గుర్తుండాయి. ఏం, నీకు ఎక్కిందా?"

నురగప్ప నా వైపు చూశాడు. వాడు పోసిన బీరు తాగి ఎవడన్నా తూలితే మెట్లు దింపి పంపేసే మనిషి. "ఎక్కింది అన్నా," అన్నాడు.

"ఎక్కితే నిమ్మకాయ నీళ్లు తాగు," అని అన్న పెట్టేశాడు.

మస్తాన్ బస్సులో ఆ తర్వాత పెట్టె రాలేదు. పిల్లులు కొన్ని వారాలు గుమ్మం ముందు కాచుకుని, మర్యాద తెలిసినవి కాబట్టి మానుకున్నాయి. నురగప్పను ఒక సాయంత్రం వైన్ షాపు ముందు చూశాను. నిలబడి, సీసా ఎత్తి, స్ట్రాంగు బీరు, చల్లగా కూడా లేదు, గడగడా పోసుకుంటున్నాడు. నురగ లేదు. నాకు ఇంతకంటే మంచి అవకాశం రాదనిపించింది.

"తొందరేమప్పా," అన్నాను, "బస్సు పోతాందా?"

సీసా దించి నన్ను చూశాడు. "ఎక్కాల గదప్పా," అన్నాడు. మళ్లీ ఎత్తాడు.

ఆ ఏడు జాతరకు సంచి నిండా ఘాటైన మందు తీసుకుని నన్ను లాక్కుపోయాడు. గట్టున అన్న ముందు సీసాలు వరసగా పెట్టాడు. అన్న వాటిని పక్కకు జరిపాడు.

"షుగర్ వచ్చింది రా. డాక్టరు మానెయ్యమన్యాడు. చుక్క ముట్టను ఇంగ."

"ఒక్క దినం అన్నా. జాతర గదా."

"ముట్టనని దేవుని కాడ చెప్పినా. నువ్వు తాగు, నేను కూచుంటా."

వాడు ఒక్కడే తాగాడు. అన్న కూర వడ్డించాడు, ఎముక ఏరి పక్కన పెట్టాడు, మోకాళ్లకు ఏ నూనె మంచిదో చెప్పాడు. అంత మర్యాదగా మాట్లాడుకున్న అన్నదమ్ములను ఆ గట్టు ఎప్పుడూ చూసి ఉండదు. చివరికి వీడు అడిగాడు. "నాయన సంగతి చెప్పు అన్నా."

"చెప్పినా గదరా," అన్నాడు అన్న.

బస్సులో నంద్యాల దాకా వాడు ఒక్క మాట మాట్లాడలేదు. పట్టుకోవాల్సిన పని కూడా రాలేదు నాకు. ఎంత తాగినా నిటారుగా కూర్చున్నాడు. ఎక్కలేదు పాపం.

పోయినాక వాణ్ణి ఐసు పెట్టెలో పెట్టి ఊరికి తీసుకుపోయారు, నీళ్లు కారుకుంటూ. వెనకాల పిల్లులకు బదులు నేనూ మస్తానూ. కళ్లంలో దించారు, ఒకప్పుడు వాడి సీసా పగిలిన చోటే. దండలో మల్లెలు నిన్నటివే. చెప్పేవాడు లేడు కాబట్టి ఎవరూ కనిపెట్టలేదు.

పాడె ఎత్తబోతుంటే అన్న ఆగమన్నాడు. ఆ భారీ మనిషి మోకాళ్ల మీద కూలబడి, తమ్ముడి చెవి దగ్గరికి వంగి, ఊరంతా వినేటట్టు అరిచాడు.

"పో రా, నాయన కాడికే పోతాండావు గదా! నీ పేరే తలుచుకుంటా పోయినాడు రా! చిన్నోడు రాలేదా, చిన్నోడు రాలేదా అని... దున్నపోతా!"

అదే మాట, అదే రాగం. వెనకాల ఎవరో, "పాపం, మానేసిన మనిషి మల్ల తాగినట్టుండాడు" అన్నారు. ఇంకెవరో, "తాగకుంటే అట్ల ఎందుకంటాడు" అన్నారు.

లేపడానికి పోయినట్టు పోయి పక్కన నిలబడ్డాను. మాట అయిపోనిచ్చాను. ఆయన ఊపిరి వదిలేదాకా ఆగి, నాకు నేర్పినట్టే చూశాను.

చుక్క వాసన లేదు. ఒట్టి పసుపు.